ఎక్కడ విరుగుతుంది

దూజ్జేలో నవంబరు.
కొండల మీద మంచు ఇంకా దిగలేదు, వాసన మాత్రం వచ్చేసింది.
మూడో అంతస్తు మీద రేకు డబ్బాలో హేజల్ కాయల పొట్టు కాలుతోంది.
ఆ సెగకు చేతులు కాచుకుని
దుర్సున్ ఉస్తా ఎనిమిది మిల్లీమీటర్ల కడ్డీ వంచుతాడు,
కొనను లోపలికి, స్తంభం గుండెలోకి తిప్పుతాడు.
నూట ముప్పై ఐదు డిగ్రీలు.

తొంభై దగ్గర ఆపితే పని తేలిక,
రోజుకు ఇంకో రెండొందల రింగులు లేస్తాయి.
కాంట్రాక్టరు ఫోనులో రోజూ చెప్పే లెక్క ఇదే.
ఉస్తా వింటాడు. ఊఁ అంటాడు.
మళ్ళీ నూట ముప్పై ఐదే.

రింగుకు అడ్డంగా తగిలించే చిన్న కొక్కేన్ని
ఇక్కడి పనివాళ్ళు చిరోజ్ అంటారు,
ఎండబెట్టిన సన్నపాటి చేప పేరు.
నేను చదివిన చదువంతా ఖర్చయ్యేది
టార్చి నోట కరుచుకుని, మోకాళ్ళ మీద,
ఆ చేపల్ని లెక్కపెట్టడానికే.

మ్యునెవ్వెర్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.
రెండో అంతస్తు ఫ్లాటు ఆవిడది,
తోటలో సగం అమ్మి సగం డబ్బు కట్టింది.
వంటిల్లు చూడలేదు.
కిటికీలోంచి కొండ కనిపిస్తుందా అనలేదు.
"ఇది ఎక్కడ విరుగుతుంది?" అంది.

విరగదండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.
కరపత్రాల మీద అచ్చయ్యే మాట అది.
మింగేసి, ఆవిడని కిందికి తీసుకెళ్ళి
జేబులోంచి సుద్దముక్క తీశాను.
స్తంభానికి జానెడు ఇవతల
దూలం మీద గీత గీశాను.
"ఇక్కడ."

భూమి తోసినప్పుడు ఆ తోపు ఎటో ఒకటు పోవాలి కదమ్మా,
ముందే దానికి దారి రాసిపెడతాం.
దూలం కొసన కాంక్రీటు చిట్లుతుంది, ఇనుము సాగుతుంది,
సాగుతూ ఆ రాత్రి కోపాన్ని కొంచెం కొంచెంగా తాగేస్తుంది.
ఇల్లు వంకర పోతుంది. తలుపులు పట్టేస్తాయి.
మీరు చెప్పులు వెతుక్కుని దిగొచ్చు.
స్తంభం మాత్రం ముందు పోకూడదు.
స్తంభం పోయిందా, పైవాళ్ళంతా కిందివాళ్ళ మీద

ఆ వాక్యాన్ని ఈ ఊళ్ళో ఎవరూ పూర్తి చెయ్యరు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు.
మేం కట్టేది మానయ్యాకే వంగాలి,
బతుకులో ఒక్క రాత్రి,
ఒక్క నిమిషం.

"మరి ఇన్ని రింగులెందుకు?"
నేను నోరు తెరిచేలోపే
పైనుంచి దిగిన ఉస్తా అందుకున్నాడు:
"తోటలో కాయల బస్తా కట్టలేదా నువ్వు?
బిగించిన బస్తా మీద మనిషి ఎక్కి నిలబడొచ్చు.
తాడు ఊడనీ, చూడు.
లోపల గింజ నలిగితే నలగనీ,
బస్తా దాటి జారకూడదు."

ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట.
నాలుగోవాడికి తల్లి దుర్సున్ అని పెట్టింది.
నిలవనీ, అని అర్థం.
నిలిచాడు.
పెద్ద భూకంపానికి ముందు
తొంభై దగ్గర ఆగిన చేతులూ ఇవేనని
ఒకసారి టీ తాగుతూ అన్నాడు.
ఏ వీధిలోనో చెప్పలేదు.
గ్లాసులో చక్కెర చాలాసేపు కలిపాడు.
నేను అడగలేదు.

మ్యునెవ్వెర్ గారు చెయ్యి చాచి
స్తంభం నుంచి గీత దాకా తన జానతో కొలుచుకుంది.
జానెడు, పైన రెండు వేళ్ళు.
ప్లాస్టరు పడ్డాక గీత కనపడదు కదా.
"అద్దం అటు గోడకి పెట్టుకుంటాలే" అంది,
ఎవరికో చోటు వదిలినట్టు.

కింద మిక్సర్ లారీ వచ్చి ఆగింది,
కడుపు తిప్పుకుంటూ హారన్ కొడుతోంది.
నేను పైకెక్కి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాను,
నాలుగో స్తంభం దగ్గర.
తొమ్మిది. పది. పదకొండు.
పన్నెండో చేప లేదు.

లారీని ఆగమన్నాను.